పాత పడవకు యజమాని ఎవరు?

ఒక పాత ప్రశ్నతో ఆరంభించుదము. థీసియస్ అను వీరుడు ప్రయాణము చేసిన ఓడను ఏథెన్సు పట్టణస్థులు బహుకాలము భద్రపరచిరనియు, కుళ్లిన పలకను తీసి దాని స్థానమున క్రొత్త పలకను అమర్చుచు వచ్చిరనియు ప్లూటార్కు అను గ్రంథకర్త వ్రాసెను. పలకలన్నియు మారిన తరువాత అది ఆ ఓడయేనా, మరియొక ఓడయా? ఈ ప్రశ్న పండితులకే గాక ఉలి పట్టిన చేతులకును ఎదురగుచున్నది. ఇంగ్లాండు దేశములో పాత కొయ్య మోటారు పడవలను కొని బాగుచేయువారి సంగతి మేము చెప్పుచున్నాము.

1940 మే 26 మొదలు జూన్ 4 వరకు, ఫ్రాన్సు దేశపు డంకర్కు తీరమున శత్రుసేనల మధ్య చిక్కుకొనిన 3,38,000 మందికి పైగా సైనికులు సముద్రము దాటింపబడిరి. ఎక్కువమందిని పెద్ద ఓడలే తెచ్చెను. అయితే ఆ తీరమున లోతు తక్కువ. అవి ఒడ్డుకు రాజాలవు. కావున విహారమునకు కట్టిన లాంచీలు, చేపల పడవలు వందలకొలది వెళ్లెను. చాలవాటిని నౌకాదళమువారు నడిపిరి. కొన్నిటిని యజమానులే నడిపిరి. టైటానిక్ ఓడలో అధికారిగా నుండి బ్రదికి బయటపడిన చార్లెస్ లైటోలర్, తన కుమారునితో కూడ, సన్‌డౌనర్ అను తన మోటారు పడవలో నూరుమందికి పైగా సైనికులను తెచ్చెను.

యుద్ధము ముగిసెను. పడవలు చేతులు మారెను. కొన్ని బురదలో కుళ్లెను. 1965లో మిగిలినవాటిలో కొన్ని మరల ఆ తీరమునకు వెళ్లెను. తరువాత వాటి యజమానులు ఒక సంఘముగా కూడిరి. 2025లో, 85 సంవత్సరముల జ్ఞాపకార్థము, ఆ పడవలు మరల సముద్రము దాటెను.

కాలువలో నావను, గోదావరిలో లాంచీని ఎరిగినవారికి కొయ్య పడవ పెట్టు ప్రయాస కొంత తెలియును. లోపల పక్కటెముకలవంటి ఓక్ కొయ్యలు, వాటిపై పలకలు, పలకల సందులలో దట్టించిన నూలు, దానిపై పుట్టీ, రంగు. ఉప్పునీటికంటె, పైనుండి దిగి మూలలలో నిలుచు వాననీరే కొయ్యకు ఎక్కువ కుళ్లు పట్టించును. ఇనుప మేకు తుప్పుపట్టి చుట్టునున్న కొయ్యను చెరుపును. చాలకాలము ఒడ్డున నుంచినయెడల పలకలు ఎండి సందులు విచ్చును. నీటిలో దింపిన తరువాత అవి ఉబ్బి మరల మూసికొనును. మనము సంతలో కుండను తట్టి కొనునట్లు, పడవను పరీక్షించువాడు చిన్న సుత్తితో పలకను తట్టి వినును. గట్టి కొయ్య ఖంగుమనును. కుళ్లినది మందముగా పలుకును. పై రంగు ఎంత మెరిసినను ఆ సుత్తిని మోసగింపజాలదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చుదము. పడవను ఒక్కసారిగా పడగొట్టి, అదే ఆకారముతో క్రొత్తది కట్టి పాత పేరు పెట్టుట ఒకటి. ప్రక్క పలకకు ఒదుగునట్లు ఒక్కొక్క పలకనే మార్చుచు తరతరములు కాపాడుట మరియొకటి. నూరేండ్ల క్రిందట మన గ్రామములో నుండినవారు నేడు లేరు. అయినను ఇది అదే గ్రామమని చెప్పుకొనుచున్నాము. తెగిపోని కాపుదలయే గుర్తును నిలుపునని మాకు తోచుచున్నది. అయితే దానికి సత్యము తోడుండవలెను. మార్చిన పలకను మార్చితినని చెప్పవలెను. డంకర్కుకు వెళ్లని పడవను వెళ్లినదని చెప్పి వెల పెంచుటయు, కుళ్లును రంగుక్రింద దాచుటయు ఒకే జాతి అబద్ధములు.

ఆకలిగొనినవారుండగా పాత కొయ్యకు ఇంత ధనమేల అని ఒకరు అడుగవచ్చును. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మెప్పుకొరకే పడవను మెరిపించువానికి చెప్పదగిన జవాబు లేదు. ఇంటివారిని ఇబ్బంది పెట్టి పడవకు పోయువాడు దానికి యజమాని కాడు. పడవయే వానిని ఏలుచున్నది. కాని బాగుచేయు పనివలన వడ్రంగికి కూలి దొరకును, చేతినుండి చేతికి వచ్చు విద్య నిలుచును, ప్రాణములు దక్కిన సంగతి మరువబడదు. అన్ని పడవలను ఒక్కడే మోయనక్కరలేదు. పదిహేను అడుగులైన లేని టామ్‌జీన్ అను చేపల పడవయు డంకర్కుకు వెళ్లినదే; దానిని లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియము భద్రపరచెను. తాను కాపాడలేనిదానిని కాపాడగలవారికి అప్పగించుటయు కాపుదలయే.

గృహనిర్వాహకుడు అను మాట మనకు క్రొత్తది కాదు. 1940లో ఆ పడవలను నడిపినవారు గతించిరి. ఇప్పటి యజమానులును ఒకనాడు చుక్కాని విడిచెదరు. కొనినవాని పేరు కాగితముపై నుండును. పడవ మాత్రము తరువాతివాని కొరకు ఎదురుచూచుచుండును. మన తండ్రులు విడిచిన పొలము, త్రవ్విన బావి, నాటిన చెట్టు, ఇవి మన చేతిలో ఎట్లున్నవి? రంగును చూచి తృప్తిపడక, వానకాలము రాకమునుపే సుత్తితో తట్టి విందము. మందముగా పలికినచోట ఒక పలక మార్చుటకు నేడే పూనుకొందము.