ఎవరి కాళ్ళమీద?

"సార్, నేను ఎవరికీ బాకీ లేను. నా కాళ్ళమీద నేను నిలబడ్డాను" అన్నాడు నా పాత విద్యార్థి. హిందూపురంలో చదివి బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. హాస్టలు పిల్లలకు ఆదివారాలు పాఠం చెబుతావా అని అడిగినందుకు వచ్చిన జవాబది. మేమప్పుడు లేపాక్షి వీరభద్రాలయంలో, వేలాడే స్తంభం ముందు వున్నాం. జనం దానికింద గుడ్డ జొనిపి అవతలికి లాగి ఆశ్చర్యపోతున్నారు.

నేను వాదించలేదు. "నీ పని చూపించు" అన్నాను. గుడి బయట కూర్చుని, లైనక్స్ నడిచే తన లాప్‌టాప్ తెరిచాడు. నల్లని తెరమీద డాకర్ రన్ అనే ఆజ్ఞ టైపుచేశాడు. రెప్పపాటులో ఒక కంటెయినరు పుట్టింది. దానికి వేరే ఫైళ్ళు, వేరే పేరు, వేరే నెట్‌వర్కు చిరునామా. లోపల నడిచే పనుల జాబితా అడిగితే, తన పనికి ఒకటో నంబరు చూపింది. ఆ లోకంలో దానికంటే ముందు ఏదీ లేదు!

అదే జాబితాను బయటినుంచి అడిగాడు. ఆ పనికే అక్కడ వేలల్లో నంబరు. కెర్నెల్ ఏదని యూనేమ్ ఆజ్ఞతో అడిగితే లోపలా బయటా ఒకటే సమాధానం. అనగా గోడలు వేరు, నేల ఒకటే. వర్చువల్ మెషీన్‌కు సొంత కెర్నెల్ వుంటుంది. అందుకే అది బరువు, లేవడమూ ఆలస్యం. అయినా అడుగునున్న యంత్రాన్ని అదీ పంచుకోక తప్పదు.

ఆ నేల ఎవరు వేశారు? లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి 1991లో ప్రారంభించాడు. వేలమంది చేతులు దాన్ని పెంచాయి. గోడలు కట్టే ఏర్పాట్లూ ఆ కెర్నెల్‌లోనివే. 2013లో వచ్చిన డాకర్ వాటి వాడకాన్ని సులువు చేసింది. ఒంటరి గదికూడా సమష్టి శ్రమఫలమే అన్నమాట.

అంతమాత్రాన గోడలు అబద్ధం కావు. వ్యక్తి స్వేచ్ఛ అనగానే బూర్జువా భ్రమ అని కొట్టిపారేసే మిత్రులు మనలో వున్నారు. గోడ వుండబట్టే ఒక గదిలో చెడిన ప్రోగ్రాము పక్కగదిని చెరచకుండా వుంటుంది. అయితే, హద్దు పెట్టకపోతే ఒక్క కంటెయినరే మెమరీనంతా మింగి తక్కినవాటిని పస్తు పెట్టగలదు. ఆ హద్దు దానంతటది రాదు; ఎవరో పెట్టాలి. కెర్నెల్‌లో లోపం బయటపడితే ముప్పు అన్ని గదులకూ కలుగుతుంది.

కాబట్టి ప్రశ్న వ్యక్తా, సమాజమా అన్నది కాదు. తాను నిలిచిన నేలపట్ల వ్యక్తికి బాధ్యత వున్నదా అన్నది. వున్నదనే నేనంటాను. తన గది కూలుతుందన్న భయంచేత మాత్రమే కాదు. తాను వాడుకున్న శ్రమ యితరులది కాబట్టి. దాన్ని తీర్చడం దయ అనిపించుకోదు, న్యాయం అనిపించుకుంటుంది.

తిరిగి లోపలికి వెళ్ళాం. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో గుడి కట్టించిన విరూపణ్ణ పేరు అక్కడ అందరూ చెబుతారు. రాళ్ళు మోసినవారి పేర్లు మాకెవరూ చెప్పలేదు. నా విద్యార్థి ఆదివారం వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. వేలాడే స్తంభాన్ని పైకప్పు పట్టుకుని వున్నది. ఆ కప్పును చుట్టూవున్న స్తంభాలు మోస్తున్నాయి. వాటిదగ్గర ఎవరూ ఆగడం లేదు.