మనోళ్లు అంటే ఎవరు?



ఎండాకాలం వస్తే మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో రెండే సంగతులు నడుస్తాయి. ఒకటి ఎండ, రెండోది ఐపీఎల్. మగ్గం పక్కన ఫోన్ ఆనించుకుని స్కోరు వింటూ నేసేవాళ్లున్నారు. పల్లికాయ కాంటా అయ్యేదాకా మార్కెట్ యార్డులో నిన్నటి మ్యాచ్ గురించి వాదించుకునే రైతులున్నారు. హాస్టల్లో ఒక్క ఫోన్ చుట్టూ పది తలలు పెట్టి చూసే పిల్లలున్నారు. టీమ్ గెలిస్తే "మనోళ్లు గెలిచిండ్రు" అంటారు. ఓడితే ఆ రాత్రి అన్నం సయించదు.

"ధమ్మం పాటించేటోళ్లు క్రికెట్ చూడొచ్చా? ఒక టీమ్‌ను ఇష్టపడితే తప్పా?" అని మన యువకులు అడుగుతుంటారు. పంచశీలలో ఆట చూడొద్దని ఎక్కడా లేదు. ఉపోసథ రోజున అష్టశీలం తీసుకున్నవాళ్లు వినోదాలకు దూరంగా ఉంటారు, అది ఆ రోజుకు నియమం. కాబట్టి చూడొచ్చా, వద్దా అన్నది పెద్ద ప్రశ్న కాదు. చూస్తున్నప్పుడు మీ మనసులో ఏం జరుగుతోంది? ఆ "మన" అనే మాట ఎక్కడి నుంచి వస్తోంది? ఈ రెండూ అడగండి.

ఒక్క సీజన్‌లో ఎనిమిది గాలులు

నేను 2008లో డెక్కన్ చార్జర్స్ కాలం నుంచి హైదరాబాద్ టీమ్‌ను చూస్తున్నాను. ఆ మొదటి ఏడాది ఎనిమిది టీముల్లో మనది ఎనిమిదో స్థానం. మరుసటి ఏడాది, 2009లో, దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీల్లో అదే టీమ్ కప్పు ఎత్తింది. 2012 తర్వాత ఆ టీమే లేకుండా పోయింది. దాని స్థానంలో సన్‌రైజర్స్ వచ్చి, 2016లో గెలిచింది. 2023కు వచ్చేసరికి పది టీముల్లో చిట్టచివర.

ఆ తర్వాతి 2024 సీజన్ గుర్తు చేసుకోండి. ప్యాట్ కమిన్స్‌ను 20.50 కోట్లకు కొని కెప్టెన్‌ను చేశారు. మార్చి 27న ఉప్పల్‌లో ముంబై మీద 277 పరుగులు కొట్టారు. 2013లో బెంగళూరు చేసిన 263 అప్పటిదాకా రికార్డు. ఇరవై రోజులు తిరగకముందే, ఏప్రిల్ 15న, బెంగళూరులోనే 287 కొట్టి తమ రికార్డును తామే దాటారు. ఏప్రిల్ 20న ఢిల్లీలో మొదటి ఆరు ఓవర్లకే వికెట్ పడకుండా 125. మే 8న లక్నో పెట్టిన 166 లక్ష్యాన్ని 9.4 ఓవర్లలో, ఒక్క వికెట్ కూడా పోకుండా ఊదేశారు. "ఈసారి 300 ఖాయం, కప్పు ఖాయం" అని చాయ్ హోటళ్లలో తీర్మానాలు అయిపోయాయి.

మే 26న చెన్నైలో ఫైనల్. 18.3 ఓవర్లలో 113కు అందరూ ఔట్. ఐపీఎల్ ఫైనల్లో అంత తక్కువ స్కోరు అంతకుముందు ఎవరూ చేయలేదు. కోల్‌కతా 10.3 ఓవర్లలో పని ముగించింది. రెండు నెలలు ట్రావిస్ హెడ్‌ను నెత్తిన పెట్టుకున్న నోళ్లే, ఆ రాత్రి అతను మొదటి బంతికే ఔటైతే తిట్ల దండకం ఎత్తుకున్నాయి.

అంగుత్తర నికాయంలో బుద్ధుడు ఎనిమిది లోకధర్మాల గురించి చెప్పాడు. లాభం, నష్టం, కీర్తి, అపకీర్తి, నింద, ప్రశంస, సుఖం, దుఃఖం. లోకం వీటి చుట్టూ తిరుగుతుంది, ఇవి లోకం చుట్టూ తిరుగుతాయి. ధమ్మం తెలిసినవాళ్లకు రావని కాదు, అందరికీ వస్తాయి. తెలిసినవాడు, వచ్చినప్పుడే "ఇది ఉండదు" అని గుర్తుపడతాడు. తేడా అంతే.

మన దగ్గర దీనికి వేరే పాఠశాల అక్కర్లేదు. వానాకాలంలో జూరాల గేట్లు ఎత్తితే చూడ్డానికి జనం బండ్లు కట్టుకుని పోతారు. ఎండాకాలంలో అదే కృష్ణలో బండలు తేలుతాయి. నది మోసం చేసిందని ఎవరూ తిట్టరు. నీళ్లు వస్తాయి, పోతాయి అని తాతల నాటి నుంచి తెలుసు. నది విషయంలో ఉన్న ఆ తెలివి టీమ్ విషయంలో ఎటు పోతుంది?

రెండో బాణం

కోసల రాజు పసేనది, మగధ రాజు అజాతశత్రువు చేతిలో ఓడిపోయాడు. అజాతశత్రువు అతనికి మేనల్లుడి వరుస. మూడుసార్లు ఓడేసరికి సిగ్గుతో అన్నం మానేసి మంచం పట్టాడని ధమ్మపద అట్టకథ చెబుతుంది. ఈ సంగతి విన్న బుద్ధుడు ఎవరి పక్షమూ పట్టలేదు. గెలిచినవాడు పగను సంపాదించుకుంటాడు, ఓడినవాడు నిద్ర పోగొట్టుకుంటాడు, రెండింటినీ దించుకున్నవాడే హాయిగా ఉంటాడు అన్నది ఆయన బోధ సారం. ఆ రాజుకు కనీసం పోగొట్టుకున్నది ఒకటుంది. ఫైనల్ రాత్రి అన్నం మానేసిన మనం ఏం పోగొట్టుకున్నాం?

బుద్ధుడు రెండు బాణాల పోలిక చెప్పాడు. ఒక బాణం తగిలితే ఒంటికి నొప్పి. దాని మీద ఏడ్చి, గుండెలు బాదుకుంటే అది రెండో బాణం. టీమ్ ఓడితే మనసు చిన్నబోతుంది, అది మొదటిది. దానికి సిగ్గుపడక్కర్లేదు, ఇష్టం ఉన్నచోట ఆ మాత్రం కలుక్కుమంటుంది. కానీ భార్య మీద విసుక్కోవడం, పిల్లవాణ్ని కసరడం, అవతలి టీమ్‌ను మెచ్చుకున్న స్నేహితుడితో మాటలు బంద్ చేయడం, ఇదంతా రెండో బాణం. మన విల్లుతో మనమే వేసుకుంటాం.

ఇంకా లోతుగా దిగేది బెట్టింగ్. తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ జూదం మీద నిషేధం ఉంది, 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. అయినా చాటుగా నడుస్తూనే ఉంది. సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు ఒక గృహస్థుడికి జూదం వల్ల వచ్చే ఆరు నష్టాలు లెక్కపెట్టి చెప్పాడు. గెలిస్తే పగ, ఓడితే ఏడుపు, చేతిలో డబ్బు పోవడం, నలుగురిలో మాటకు విలువ పోవడం, స్నేహితుల్లో చులకన, పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాకపోవడం. రెండున్నర వేల ఏళ్ల కిందటి మాట. మీ వాడలో అప్పులపాలైన ఒక్క ఇంటిని తలచుకుని చూడండి, ఆరింటిలో ఏది తప్పింది? ఆట చూడటం వేరు, ఆటకు ఇల్లు తాకట్టు పెట్టడం వేరు.

"మన" అనే మాట

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 277 కొట్టిన రాత్రి ముంబై తరఫున 64 పరుగులు చేసి మనల్ని భయపెట్టింది తిలక్ వర్మ. హైదరాబాద్ పిల్లవాడే. 2025 ఏప్రిల్ 6న ఉప్పల్‌లోనే గుజరాత్ తరఫున బౌలింగ్ చేసి, 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసింది మహమ్మద్ సిరాజ్. హైదరాబాద్‌లో ఆటో నడిపిన తండ్రి కొడుకు. ఆ రోజుల్లో "మనోళ్లు" ఎవరు? ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కమిన్స్, హెడ్, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన క్లాసెన్. 2016లో కప్పు తెచ్చిన వార్నర్‌ను "మా వార్నర్" అన్నాం. 2022లో అతను ఢిల్లీకి పోయాడు.

బుద్ధుడు అనాత్మను బోధించినప్పుడు చూపిన తర్కం ఇదే. ఏదైనా నిజంగా నాదైతే, "ఇట్లా ఉండు, అట్లా ఉండకు" అంటే అది వినాలి. వినదు కాబట్టి నాది కాదు. ఫైనల్ రాత్రి కాగితాల ప్రకారం టీమ్ యాజమాన్యంలో ఉన్న కావ్య మారన్ కన్నీళ్లు తుడుచుకుంటూనే చప్పట్లు కొట్టడం దేశమంతా చూసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ల మాటే వినని ఆట, మన మాట వింటుందా?

కానీ ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. ఈ "మన"లో ఒక మంచి సంగతి కూడా ఉంది. ఎక్కడో సముద్రాల అవతల పుట్టినవాడు, మన భాష రానివాడు, ఒక నారింజ రంగు చొక్కా తొడుక్కోగానే ఒక్క రాత్రిలో మనవాడైపోయాడు. అతని ఊరు అడగలేదు, కులం అడగలేదు, ఎవరింట్లో తిన్నాడని అడగలేదు. అంటే మనసుకు ఆ శక్తి ఉంది. "మన" అనేది పుట్టుకతో గీసిన గీత కాదు, మనం గీసుకున్నదే. గీసుకున్నదాన్ని చెరపొచ్చు, పెంచొచ్చు.

మరి ఊరి పొలిమేరలోని వాడ దగ్గరికి వచ్చేసరికి ఆ శక్తి ఎందుకు సచ్చుబడిపోతుంది?

క్రికెట్‌కే ఈ ప్రశ్న పాతది. పల్వంకర్ బాలూ అనే దళిత బౌలర్ ఉండేవాడు. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. పూణేలో హిందువుల జట్టుకు అతని బంతి కావాలి. చాయ్ మాత్రం పెవిలియన్ బయట, మట్టి పాత్రలో పోసేవాళ్లు. ఎన్నేళ్లు ఆడినా కెప్టెన్సీ ఇవ్వలేదు. చివరికి 1923లో అతని తమ్ముడు విఠల్‌కు ఆ గౌరవం దక్కింది. మైదానంలో మనవాడు, మైదానం దాటితే పరాయివాడు. మన పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు ఆ మట్టి పాత్ర ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

అదే చాయ్ హోటల్లో ఇప్పుడు మ్యాచ్ చూస్తూ సిక్సర్ పడితే పక్కనున్నవాణ్ని కౌగిలించుకుంటాం, ఎవరని చూడం. మ్యాచ్ అయిపోయాక ఆ కౌగిలి ఏమైంది? బాబాసాహెబ్ అంబేద్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ధమ్మ దీక్ష తీసుకుని మన ముందు పెట్టిన దారిలో మైత్రి అంటే ఇదే. రెండు గంటలపాటు చొక్కా రంగు చేయగలిగిన పనిని, ఏ చొక్కా లేకుండా, జీవితాంతం చేయడం.

వచ్చే సీజన్‌కు మూడు సాధనలు

ఒకటి. స్కోరు చూసే ముందు మూడు శ్వాసలు గమనించండి. గెలుపు కోసం మనసు ఎంత ఎగబడుతోందో మీకే కనిపిస్తుంది.

రెండు. అవతలి జట్టు బాగా ఆడితే మనస్ఫూర్తిగా "శభాష్" అనండి. దాని పేరు ముదిత, ఇతరుల సంతోషంలో సంతోషం. మొదట్లో గొంతు దాటి రాదు. ఒక సీజన్ అయ్యాక అలవాటవుతుంది. అలవాటయ్యాక పక్కింటివాడి పల్లికాయకు మంచి ధర పలికినా కడుపు మండదు.

మూడు. మ్యాచ్ చూసేటప్పుడు ఎవరితో భుజం కలిపారో, మరునాడు వాళ్లింటికి వెళ్లి మంచినీళ్లు అడిగి తాగండి. మీ ఇంటికి వాళ్లను పిలిచి, మీరు తాగే గ్లాసులోనే ఇవ్వండి.

టీమ్‌ను ఇష్టపడండి, కేకలు వేయండి, ఓడితే కాసేపు బాధపడండి. వచ్చే ఏడాది కమిన్స్ ఉంటాడో ఉండడో, చొక్కా ఎవరిదో తెలియదు. మీ వీధి, మీ వాడ, అక్కడి మనుషులు మాత్రం ఇక్కడే ఉంటారు. "మనోళ్లు" అనే మాట ముందుగా వాళ్లకు చెల్లాలి.

జై భీమ్, నమో బుద్ధాయ.