ఫోన్ లాక్కోకండి, నేర్పండి



గోదావరిఖనిలో అసర్ నమాజు తర్వాత మస్జిద్ మెట్ల మీద కూర్చునే పెద్దలలో చాలామంది బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైనవారే. ఏళ్ళ తరబడి మూడు షిఫ్టులూ చేశారు. ఉద్యోగం ముగిశాక సింగరేణి క్వార్టర్ ఖాళీ చేయాలి. దాంతోపాటే ఎదురింటి స్నేహితుడూ, పక్కింటి పలకరింపూ దూరమవుతాయి. కొడుకులు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటారు. నెలనెలా డబ్బు పంపి, పెద్ద ఫోన్ ఒకటి కొనిచ్చి, బాధ్యత తీరిందనుకుంటారు.

అటువంటి చాచా ఒకరు నా దగ్గరకు వచ్చి, "మౌల్సాబ్, మా పోరడు ఏదో మాట పంపిండట, జర సూడుండ్రి" అన్నారు. నేను ఫోన్ తీసుకొని, వాట్సాప్ తెరిచి, వాయిస్ మెసేజ్ వినిపించి ఇచ్చేశాను. మర్నాడు మళ్ళీ వచ్చారు. మూడోరోజు, "నిన్ననే చూపించాను కదా చాచా" అనేశాను. ఆ తర్వాత ఆయన నన్ను అడగలేదు.

నిజానికి నేను ఆయనకు చూపించిందేమీ లేదు. నా వేళ్ళు పరుగెత్తాయి, ఆయన చూస్తూ ఉండిపోయారు.

వృద్ధాప్యానికి చేరిన తల్లిదండ్రులతో విసుగ్గా 'ఉఫ్' అని కూడా అనకూడదని బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. తర్వాతి ఆయతులో నేర్పిన దుఆ, పసితనంలో వారు మనల్ని పెంచిన తీరును గుర్తుచేస్తుంది. అలిఫ్, బే దిద్దించేటప్పుడు అమ్మీజాన్ ఎన్నిసార్లు చెప్పి ఉంటుంది? ఎవరం లెక్కపెట్టాం? 'ఉఫ్' అనడానికి నోరే అక్కర్లేదు, చేతిలోంచి ఫోన్ లాక్కోవడం చాలు.

మరి ఎలా నేర్పాలి? సహీహ్ ముస్లింలో ముఆవియా బిన్ హకమ్ సులమీ (రజి) ఉదంతం ఉంది. కొత్తగా ఇస్లాం స్వీకరించిన ఆయన, నమాజు మధ్యలో ఒకరు తుమ్మితే దుఆ పలికారు. చుట్టూ ఉన్నవారు గుడ్లురిమి చూశారు. నమాజు ముగిశాక దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కసరలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజులో మామూలు సంభాషణకు చోటు లేదని విడమరచి చెప్పారు, అంతే. అంత మంచి బోధకుణ్ణి మునుపుగానీ తర్వాతగానీ చూడలేదని ముఆవియా (రజి) చెప్పుకున్నారు. (హసన్, హుసైన్ (రజి) ఒక వృద్ధునికి వుజూ నేర్పిన కథ బయానుల్లో తరచూ వింటాం. అది ఆరు ప్రసిద్ధ హదీసు గ్రంథాలలో లేదు గనుక ఇక్కడ ఆధారంగా తీసుకోలేదు.)

యువకులారా! ఫోన్ పెద్దవారి చేతిలోనే ఉండనివ్వండి. రోజుకు ఒక్క పని నేర్పండి. చదువు రానివారికి వాయిస్ మెసేజ్ చాలు: మైకు బొమ్మను నొక్కిపట్టి మాట్లాడి వేలు తీసేయడమే. 1998 బొగ్గుగనుల పెన్షన్ పథకం కింద పింఛను అందుకునేవారు ఏటా తాము బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ ద్వారా దాన్ని ఆన్‌లైన్‌లో ఇవ్వవచ్చు. మొదట్లో వేలిముద్రో కంటిపాపో కావలసి వచ్చేది. 2021 నుంచి ఫోన్‌లో ముఖం చూపినా సరిపోతోంది. శ్రమతో వేలిముద్రలు అరిగిపోయిన చేతులకు ఇదెంత సౌకర్యమో ఆలోచించండి. అయితే వారి పిన్ నంబరు, వారి సందేశాలు మీ దగ్గర అమానత్. అనుమతి లేకుండా తెరవకండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దనీ, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలనీ నేర్పండి.

దూరాన ఉన్న కొడుకులకు ఒక మాట. వీడియో కాల్ ఉంది కదా అని పండక్కి రావడం మానేయకండి. తండ్రి కాళ్ళు పట్టే పని ఏ ఫోనూ చేయలేదు.

ఆ చాచాను వెతుక్కుంటూ నేనే ఇంటికి వెళ్ళి మాఫీ అడిగాను. ఆయన నవ్వి, చాయ్ తెప్పించారు. అసర్ తర్వాత రోజూ కాసేపు కూర్చున్నాం. బొటనవేలు మొద్దుబారడంతో మైకు బొమ్మ పదేపదే జారిపోయేది. చూపుడువేలితో నొక్కమన్నాను. ఆరోరోజు మెసేజ్ వెళ్ళింది: "అన్నం తిన్నవా బేటా?"