కంచెకు కాపెవ్వరు?

నమ్మినవాడే ద్రోహము చేసినప్పుడు ‘కంచె చేను మేసినది’ అందుము. మా చిల్లకూరు ప్రాంతమున ఈ లోకోక్తిని అక్షరార్థముననే గ్రహింపవచ్చును.

పూర్వమిచ్చటి కంచెలు పలురకములు. కాలువగట్లపై మొగలి, ఇసుకనేలల నాగజెముడును కిత్తనారయు, ఇండ్లదొడ్లకు గోరింటయు సీమచింతయు; ఇవి యేవియు లేనిచోట తుమ్మకంప కొట్టి వేసిన వెలుగు. ప్రాణమున్న కంచె యేటేట పెరుగును. ఈశాన్యపు వానలు వెలిసిన పిదప నరుకకున్నచో అది అటు పొరుగుచేనును, ఇటు డొంకను ఆక్రమించును. కావున పొరుగువారిద్దరును కత్తులు చేతబట్టి యొకదినము గట్టువెంట నడువవలసివచ్చెడిది. మా తండ్రిగారును పొరుగురైతును అట్లు నడచుట నా బాల్యమున చూచితిని. సంవత్సరమంతయు మాటలు లేనివారైనను ఆనాడు మాటాడక తప్పదు. హద్దుతగవు అచ్చటనే తీరెడిది.

ఆ శ్రద్ధ తప్పినచోట కంచెయే చేను మేసినది. అమెరికాఖండమునుండి వచ్చిన నాగజెముడు దక్షిణదేశమున బీళ్లను మ్రింగివేయగా, 1926లో సింహళమునుండి తెప్పించిన కొచినీలు పురుగు కొన్నియేండ్లలో దానిని అణచినది. 1877 ప్రాంతమున దేశమున ప్రవేశించిన సర్కారుతుమ్మ మాత్రము నేటికిని లొంగలేదు.

ఇప్పుడు గూడూరుప్రాంతపు నిమ్మతోటలచుట్టు రాతిస్తంభములును ముళ్లతీగయు వెలయుచున్నవి. తీగ పెరుగదు, నేలను తినదు, నరుకనక్కరలేదు. ఇది లాభమే. కంప నరికిన కూలివాని చేతులు చూచినవారికి పాతకంచెను పొగడుటకు నోరాడదు. కాని నరుకుడుతోపాటు పొరుగువాని మొగము చూడవలసిన దినమును పోయినది. పందులు రాకుండుటకై తీగలో విద్యుత్తును పారించువారును కలరు. రాత్రివేళ నీరు కట్టబోవు మనుష్యునికిని పందికిని ఆ తీగ భేదమెరుగదు. ప్రాణము పోయిన పిదప ‘నా పొలము, నా కంచె’ యనుట సమాధానమగునా?

సొత్తును కాచుకొను హక్కును ఎవ్వరు కాదందురు? అయితే కంచెకు రెండు వైపులు కలవు. లోపలివైపు మనది, వెలుపలివైపు పొరుగువానిది, బాటసారిది. లోపలివైపు కాచుకొనుట స్వార్థము. వెలుపలివైపునకు గూడ బాధ్యత వహించుట ధర్మము. పాతకంచె ఆ ధర్మమును మనచే బలవంతముగ చేయించెడిది. తీగ చేయింపదు, మనమే చేయవలెను. తీగ వేసినవారైనను ఏటికొకమారు పొరుగువానితో గట్టువెంట నడచి, డొంక ఇరుకైనదేమో, నీళ్లకు పోవువారి దారి మూతపడినదేమో చూచుకొనవలెను. చేనికి కంచె కాపు. కంచెకు మనుష్యుడే కాపు.