ఓడిన దినమున రాళ్లెత్తవద్దు

ధ్యాన భాగములు: 1 సమూయేలు 30:1–25, న్యాయాధిపతులు 20:18–28, అపొస్తలుల కార్యములు 27



ఒక పని చెడిపోయినప్పుడు, ఆ పనిని నిర్ణయించినవాడు తప్పక తప్పు చేసినవాడేనా? ఈ ప్రశ్న మన యిండ్లలోను, పొలములలోను, సంఘ కమిటీలలోను మాటిమాటికి లేచుచున్నది. మన సొంత గాయములో దీనిని నిదానముగా చూచుట కష్టము గనుక, ముందుగా ఒక ఆటలో చూచెదము. సంఘ పత్రికలో ఆటల ముచ్చట యేల అని యెవరును అనుకొనవద్దు. పౌలు భక్తుడు కూడ పందెపు రంగములో పరుగెత్తువారిని చూపించి కొరింథు సంఘమునకు బోధించెను గదా.

2024వ సంవత్సరము మే 26వ తేదీ ఆదివారము రాత్రి, చెన్నైలోని చేపాక్ మైదానమందు ఐ.పి.ఎల్. క్రికెట్టు పోటీల తుది ఆట జరిగెను. మన హైదరాబాదు పేరు మోయు సన్‌రైజర్స్ జట్టు కలకత్తా జట్టుతో తలపడెను. ఆ యేడు హైదరాబాదు వారు ఒక ఆటలో 277 పరుగులు, మరియొక ఆటలో 287 పరుగులు చేసి, చూచినవారందరిని ఆశ్చర్యపరచియుండిరి. టాస్ గెలిచిన నాయకుడు పాట్ కమిన్స్ తామే ముందు బ్యాటింగ్ చేయుదుమని చెప్పెను. మొదటి ఓవరులో అభిషేక్ శర్మ, రెండవ ఓవరులో ట్రావిస్ హెడ్ వెనుదిరిగిరి. 18.3 ఓవర్లలో 113 పరుగులకే జట్టంతయు కూలెను. ఐ.పి.ఎల్. తుది ఆటలో అంత తక్కువ పరుగులు అంతకుముందు ఏ జట్టును చేసియుండలేదు. కలకత్తావారు రెండే వికెట్లు పోగొట్టుకొని 10.3 ఓవర్లలో ఆట ముగించిరి.

ఆ ఓటమి దుఃఖము మన పల్లెలకు కూడ వచ్చినది. జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములో సినిమా పనులు చేసుకొని బ్రదుకు మన పిల్లలు దానిని మోసికొని వచ్చిరి. అక్కడ కొండమీద తారల మేడలున్నవి. వాటి చెంతనే బస్తీలలో లైట్లు మోయువారు, సెట్లు కట్టు వడ్రంగులు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు ఇరుకు గదులలో కాపురముందురు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు వారి నోట ఒకటే మాట విన్నాము: “టాస్ గెలిచి ముందు బౌలింగ్ తీసుకొనియుంటే కప్పు మనదే అయ్యగారూ! ఆ ఒక్క మాటతో అంతా పాడుచేశాడు.” ఆ మాట చెప్పునప్పుడు వారి ముఖములలో కోపము కంటె దుఃఖమే మాకెక్కువగా కనబడెను. దినమంతయు పరుల పనిచేసి అలసిన వానికి, ‘మన జట్టు’ అని చెప్పుకొనుటకు ఒకటి యుండుట గొప్ప ఆదరణ. దానిని తేలికగా చూడరాదు.

అయినను వారి తీర్పు న్యాయమైనదేనా అని విచారించెదము. ఆ తుది ఆటకు రెండు దినముల ముందు, అదే చేపాక్ మైదానములో, హైదరాబాదు వారు ముందు బ్యాటింగ్ చేసి 175 పరుగులు తెచ్చి రాజస్థాన్ జట్టును 36 పరుగుల తేడాతో ఓడించిరి. రెండవ వంతులో బంతి బాగుగా తిరిగెను. దానిని కన్నులార చూచిన నాయకుడు మరల ముందు బ్యాటింగ్ కోరుట వెఱ్ఱితనమా? “మే 21వ తేదీన అహమ్మదాబాదులో ఇదే కలకత్తా మీద ముందు బ్యాటింగ్ చేసి ఓడిరి గదా” అని యొకడు చెప్పవచ్చును, అదియు నిజమే. రెండు వైపుల హేతువులున్నవి. అట్టి చోట మనుష్యుడు ఏదో యొకటి ఎన్నుకొనవలసినదే.

ఇంకను వినుడి. 2016వ సంవత్సరము మే 29వ తేదీన బెంగుళూరులో జరిగిన తుది ఆటలో ఇదే హైదరాబాదు జట్టు టాస్ గెలిచి, నాయకుడు డేవిడ్ వార్నర్ ముందు బ్యాటింగే కోరెను. 208 పరుగులు చేసి, ఎనిమిది పరుగుల తేడాతో కప్పు గెలిచిరి. నాడు అది ధైర్యమనబడెను. 2023వ సంవత్సరము నవంబరు 19వ తేదీన అహమ్మదాబాదులో ప్రపంచ కప్పు తుది ఆటకు ఇదే కమిన్స్ ఆస్ట్రేలియాకు నాయకుడై, టాస్ గెలిచి, మన దేశమునకు ముందు బ్యాటింగ్ అప్పగించెను. ఆ మాట విని అనేకులు విస్తుపోయిరి. ఆస్ట్రేలియా గెలిచిన వెనుక వారే అతనిని జ్ఞాని యనిరి. ఆరు నెలలు దాటిన తరువాత చేపాక్‌లో అతడే బుద్ధిహీనుడాయెను. మనుష్యుడు మారెనా? లేదు, ఫలితము మారెను.

ఫిల్మ్ నగర్ వారికి ఇది తెలియని సంగతి కాదు. ఒక సినిమాకు నెలల తరబడి వందలమంది చెమటోడ్చుదురు. శుక్రవారము ఉదయపు ఆట ముగియకముందే “దర్శకుడు కథను పాడుచేశాడు” అని గాని, “ఎంత తెలివైనవాడు” అని గాని తీర్పు వెలువడును. తెలుగు సినిమా మద్రాసులో నిలిచియున్న కాలమున, 1970వ దశకము నడుమ, అక్కినేని నాగేశ్వరరావుగారు హైదరాబాదు కొండ రాళ్లమీద అన్నపూర్ణ స్టూడియో కట్టించిరి. అది నిలిచెను గనుక నేడు దూరదృష్టి అనుచున్నాము. నిలువకపోయినయెడల, అదే పనిని మొండితనమని చెప్పియుందుము.

ఇప్పుడు లేఖనము తట్టు తిరిగెదము. దావీదును అతనితోనున్న ఆరువందలమందియు సిక్లగునకు తిరిగివచ్చునప్పటికి అమాలేకీయులు ఊరిని కాల్చివేసి, భార్యలను పిల్లలను చెరపట్టుకొని పోయియుండిరి. జనులు ఏడ్చుటకు శక్తి లేకపోవువరకు ఏడ్చిరి. తరువాత ఏమి చేసిరి? ఊరిని కావలి లేకుండ విడిచివచ్చిన నాయకుడు దావీదే గనుక అతనిని రాళ్లతో కొట్టవలెనని చెప్పుకొనిరి. వారు అతని శత్రువులు కారు, అతనితో గుహలలో దాగినవారు. దావీదు కుటుంబము కూడ ఆ చెరలోనే యున్నదని ఆ గడియలో వారికి తోచలేదు. దుఃఖమునకు ఒక ముఖము కావలెను. ఎదుట నిలిచినవాని ముఖమే దానికి దొరకును.

న్యాయాధిపతుల గ్రంథము 20వ అధ్యాయము ఇంకను కఠినమైనది. ఇశ్రాయేలీయులు బెన్యామీనీయులమీదికి పోకమునుపు దేవునియొద్ద విచారించిరి. అయినను మొదటి దినమున 22,000 మంది పడిరి. ఏడ్చి మరల విచారించి పోయిరి. రెండవ దినమున 18,000 మంది పడిరి. మూడవసారి ఉపవాసముండి విచారించి వెళ్లినప్పుడే జయము కలిగెను. కాబట్టి “ఓడినవాడు ప్రార్థించలేదు, విశ్వాసము చాలలేదు” అని సహోదరునితో చెప్పుటకు మనకు అధికారము లేదు. ఒడిలో చీట్లు వేయుట మనుష్యుని వంతు, తీర్పు యెహోవాదని సామెతల గ్రంథము 16వ అధ్యాయము బోధించుచున్నది. మనుష్యుని చేతిలోనున్న దానినిబట్టియే అతనిని విచారింపవలెను గాని, అతని చేతిలో లేనిదానినిబట్టి కాదు.

ప్రియులారా, ఈ సంగతి క్రికెట్టుతో ముగియదు. ఒక తండ్రి అప్పు తెచ్చి బోరు వేయించును. పక్క పొలములో నీరు పడినది, భూమి చూచినవారు పడుననిరి. పడలేదు. ఆ సాయంకాలమే అరుగుమీద నలుగురు కూర్చుండి “నేను అప్పుడే అనుకొన్నాను” అందురు. అప్పుడే అనుకొన్నవారు అప్పుడే యేల చెప్పలేదు? చెప్పనిదానిని చెప్పినట్లు, తెలియనిదానిని తెలిసినట్లు పలుకుట పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యమే. ఒక తల్లి జ్వరపు బిడ్డను దగ్గరి ఆసుపత్రికి ఎత్తుకొనిపోవును, బిడ్డ దక్కదు. “పట్నము పెద్దాసుపత్రికే పోయియుంటే” అని అత్తవారింటిలో ఒక మాట పుట్టును. ఆ రాత్రి ఆమెకు తెలిసినదెంత? చేతిలోనున్న రూకలెన్ని? బండి దొరికెనా? ఇవి అడుగువారు లేరు. ఆ మాట ఆ తల్లి రొమ్ములో జీవితకాలమంతయు ముల్లువలె నిలుచును. అప్పుకంటె, నష్టముకంటె, అయినవారి నిందయే మనుష్యుని ఎక్కువగా కుంగదీయునని మన పల్లెలలో చూచుచునే యున్నాము. మాటయే రాయి.

అట్లయిన ఏ నిర్ణయమును తప్పు కాదా? అట్లనము. త్రాగి లారీ నడిపినవాడు క్షేమముగా ఇల్లు చేరినను అతడు చేసినది పాపమే. మంచి ఫలితము దానిని కడుగదు. గనుక మూడు సంగతులు విచారింపవలెను. నిర్ణయించినవాడు ఆ గడియలో తనకు తెలియగలిగినదంతయు తెలిసికొనెనా? తెలిసినవారి ఆలోచన వినెనా? అందరి మేలు కోరెనా, తన లాభము కోరెనా? ఈ మూడింటిలో తప్పినవానిని, అతడు గెలిచినను, ప్రేమతో మందలింపవలెను. తప్పనివానిని, అతడు ఓడినను, ఆదరింపవలెను.

పౌలు మాదిరి చూడుడి. చలికాలము సమీపించినది, ప్రయాణము అపాయకరమని అతడు ముందే చెప్పెను. శతాధిపతి పౌలు మాటకంటె నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మెను. తుపాను వచ్చినప్పుడు పౌలు “నా మాట వినవలసినది” అని ఒక్కసారి చెప్పెను. ముందు చెప్పినవాడు గనుక చెప్పుటకు అతనికి హక్కున్నది. కాని అక్కడ నిలువక, వెంటనే ధైర్యము తెచ్చుకొనుడని వారిని బలపరచి, తరువాత రొట్టె విరిచి తాను తిని, వారిచేత తినిపించెను. ముందు చెప్పినవాని హక్కు ఒక్క మాట, మిగిలినదంతయు ఆదరణయే.

నిర్ణయించువారికిని ఒక మాట. మన తెలుగువారనేకులు కాపురముండు అమెరికాలోని సియాటిల్ నగరపు సీహాక్స్ జట్టు, 2015వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఆ దేశపు ఫుట్‌బాలు తుది ఆట ఆడెను. అది మనమెరిగిన ఫుట్‌బాలు కాదు, బంతిని చేతబట్టి పోవు ఆట. గెలుపునకు ఒక్క గజము దూరమున్నది. బంతిని పట్టుకొని చొచ్చుకొనిపోగల మార్షాన్ లించ్ అను బలాఢ్యుడుండగా, బంతిని విసరుడని ఆజ్ఞ వచ్చెను. ఎదుటి జట్టువాడు మాల్కమ్ బట్లర్ దానిని అందుకొనెను. 28–24తో ఓటమి కలిగెను. ప్రజలు నేటికిని ఆ ఆజ్ఞను గూర్చి వాదించుచునే యున్నారు. అయితే శిక్షకుడు పీట్ కారల్ ఆ భారమును ఆటగాండ్రమీద నెట్టక, తనదేయని ఒప్పుకొనెను. ఇంటి పెద్దయైనను, సంఘ పెద్దయైనను ఇట్లు భారము మోయుటకు సిద్ధపడవలెను. అతడు మోయుటకు నిలిచినప్పుడు మనము దానిమీద మరియొక రాయి పెట్టరాదు.

చేపాక్‌లో ఓడిన రాత్రి జట్టు యజమానురాలు కావ్య మారన్ కన్నీరు తుడుచుకొనుచునే చప్పట్లు కొట్టుట లోకమంతయు చూచెను. ఏడ్చుట తప్పు కాదు. సిక్లగులో దావీదు కూడ ఏడ్చెను. కాని ఏడ్చినవారిలో కొందరు రాళ్ల తట్టు చూడగా, దావీదు తన దేవుని తట్టు చూచి ధైర్యము తెచ్చుకొని, ఇప్పుడేమి చేయవలెనని విచారించెను. “ఎవరు చేసిరి” అను ప్రశ్న జనులను రాళ్లయొద్దకు నడిపెను. “ఇప్పుడేమి చేయుదుము” అను ప్రశ్న దావీదును చెరపోయినవారియొద్దకు నడిపెను. పోయినదంతయు తిరిగి దొరికినప్పుడు, అలసి బెసోరు వాగునొద్ద నిలిచిపోయిన రెండువందలమందికిని అతడు సమానముగా పాలు పంచెను. నిందను ఎరిగినవాడు బలహీనులను నిందింపనీయలేదు.

ఫిల్మ్ నగర్‌లోనున్న మన బిడ్డలారా, మీ జట్టు ఓడిన దినమున ఏడువుడి. ఆటను గూర్చి వాదించుకొనుడి. కాని చేతిలోని ఫోనుతో ఒక ఆటగానిని గాని, అతని ఇంటివారిని గాని తిట్టకుడి. పల్లెలోనున్న సహోదరులారా, ఈ నెలలో మీ వీధిలో ఎవరి పని చెడిపోయినదో తలంచుకొనుడి. అతని యింటికి పొండి. “నేను అప్పుడే అనుకొన్నాను” అను మాటను గడప వెలుపల విడిచి, “ఇప్పుడు మేమేమి సాయము చేయగలము?” అను మాటతో లోపలికి పొండి.

ఓడిన దినమున ఒకరినొకరు ఎత్తిపట్టుకొను హృదయమును ప్రభువు మన సంఘములకు అనుగ్రహించును గాక. ఆమేన్.