పొద నీడలో

ధ్యాన భాగం: 1 రాజులు 19:1-8

మెక్సికో ఈశాన్యాన, సరిహద్దు దాటితే టెక్సాస్‌లోని స్టార్ కౌంటీలో, ఎండిన మెట్ట నేలల్లో ఒక చిన్న కాక్టస్ పెరుగుతుంది. పేరు ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్. దానికి ముళ్లుండవు. అణిగిన గుండ్రటి ఒళ్లు, సాధారణంగా ఎనిమిది తొనలు, వాటి మీద ముగ్గు చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఎక్కువగా ఏదో ఒక పొద నీడనే బతుకుతుంది. కరువొస్తే ఒంట్లో నీరు తగ్గి నేలలోకి కుంగిపోతుంది, పైన దుమ్ము కప్పేస్తుంది. 19వ శతాబ్దంలో యూరప్ చేరిన ఈ మొక్క ఆ తర్వాత దశాబ్దాల పాటు వెదికినవాళ్లకు దొరకలేదు. 1923లో ఆల్బెర్టో ఫ్రిచ్ అనే చెక్ అన్వేషకుడు మళ్లీ కనిపెట్టాడు. తవ్వుకుపోయేవాళ్లు ఎక్కువై ఇప్పుడు అరుదైపోయింది.

విత్తనం నుంచి పెంచిన మొక్క ఒకటి నా దగ్గరుండేది. ఓ చలికాలం అది కుంగింది. చచ్చిపోతోందని భయపడి రోజూ నీళ్లు పోశాను. కొన్నాళ్లకు వేలితో నొక్కి చూస్తే మెత్తగా లోపలికి దిగింది. వేరు కుళ్లిపోయింది. చలికాలంలో దానికి నీళ్లే అక్కర్లేదని, మిగతా రోజుల్లోనూ మట్టి పూర్తిగా ఆరాకే పోయాలని, ముతక ఇసుక ఎక్కువ కలిపి వానకు తడవకుండా ఉంచాలని ఆ తర్వాతే తెలుసుకున్నాను. దాహంతో ఉన్నా అది బతికేది. నా ఆత్రమే దాన్ని చంపింది.

ఏలీయా కూడా ఎడారిలో ఒక పొద కిందే కూలబడ్డాడు. చావు కోరుకుని నిద్రపోయాడు. దూత తట్టి లేపి పెట్టింది ఒక రొట్టె, కొన్ని నీళ్లు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చారు! ఈ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. రెండోసారీ తిండే పెట్టారు. నిలదీసే ప్రశ్న హోరేబు చేరాక గానీ రాలేదు, అది నలభై రోజుల నడక తర్వాత.

అన్నయ్య పోయాక మా వదిన చర్చికి రావడం మానేసింది. రోజూ ఫోన్ చేసేదాన్ని. చేసినప్పుడల్లా ఒక వాక్యం, ఒక సలహా, "ఎప్పుడొస్తావు వదినా?" అన్న ప్రశ్న. ఒకరోజు తను నెమ్మదిగా, "నన్ను కొన్నాళ్లు ఇలా ఉండనివ్వమ్మా" అంది. ఆ గొంతు వింటుంటే నాకు ఆ కుండీ గుర్తొచ్చింది. ఇప్పుడు శనివారాలు చారన్నం పట్టుకెళ్తాను. కాసేపు కూర్చుని వచ్చేస్తాను.

ప్రార్థన: ప్రభువా, ఇవాళ శనివారం. కారేజీ సర్దుకున్నాను. దారిలో నా నోటికొచ్చే మాటలన్నీ దారిలోనే ఆగిపోనివ్వు. వదిన తలుపు తీయకపోతే, మళ్లీ మళ్లీ కొట్టకుండా గడప దగ్గర పెట్టి వచ్చే ఓపిక ఇవ్వు. ఆమెన్.