తుమ్మచెట్టు కింద రెండు గంటలు

పదకొండేళ్ళ కిందట అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక గల్లీలో, అతను నా దగ్గర అకౌంట్స్ నేర్చుకున్నాడు. ఇప్పుడు నాలుగేళ్ళుగా టాంజానియాలో, దారుస్సలాంలో ఉద్యోగం. సెలవుకు వచ్చి, పంజాగుట్టలో ఒక చాయ్ దుకాణంలో కూర్చోబెట్టి సెరెంగెటి ఫొటోలు చూపించాడు. భార్య, ఇద్దరు పిల్లలు, పైకప్పు ఎత్తిన ల్యాండ్ క్రూజర్.

"ఇది చూడండి సార్. తుమ్మచెట్టు మీద చిరుతపులి. తోక ఒక్కటే కనబడుతోంది. అది దిగేదాకా రెండు గంటలు కూర్చున్నాం. చిన్నోడు కూడా నోరెత్తలేదు."

"ఈ నాలుగేళ్ళలో అలా ఇంకెవరి కోసమైనా కూర్చున్నావా?"

"ఎవరి కోసం సార్?"

"మీ ఇంటి వాచ్‌మన్ కోసం."

"అక్కడ అస్కరీ అంటాం సార్. చాలా మంచివాడు." పేరు అడిగితే చెప్పాడు. ఏ ఊరివాడంటే చెప్పలేకపోయాడు. సింహం సింబా, జిరాఫీ ట్విగా, ఏనుగు టెంబో అని మాత్రం పిల్లలిద్దరికీ వచ్చు.

"సఫారీకి పోవడం తప్పంటారా?"

"అనను. పిల్లలకు చూపించాల్సిందే. నా బాధల్లా ఆ ఓపికను అడవిలోనే వదిలేసి వచ్చావని. చిరుత దగ్గర గొంతు తగ్గించావు. దానికి వీలైనప్పుడే దిగుతుందని ఒప్పుకున్నావు. గేటు దగ్గర నిలబడే మనిషికి అందులో పావు వంతు ఇచ్చినా నువ్వు ఆ దేశంలో ఉన్నట్టు. లేకపోతే ఇంట్లో కూర్చున్నా బండి అద్దంలోంచి చూస్తున్నట్టే."

కాసేపు ఆలోచించాడు. "మేం ఉండడానికి పోలేదు సార్, సంపాదించడానికి పోయాం. పర్మిట్ ఉన్నన్నాళ్ళే. మేముండే ఉపాంగాలో గుజరాతీ పెద్దాయన ఒకరున్నారు. 1971లో ప్రభుత్వం అద్దె భవనాలను స్వాధీనం చేసుకున్నప్పుడు వాళ్ళ ఇల్లు పోయిందని ఇప్పటికీ చెబుతారు. ఆ మరుసటేడే ఉగాండాలో ఈదీ అమీన్ ఆసియావాళ్ళందరినీ తొంభై రోజుల్లో పొమ్మన్నాడు. అలాంటి చోట మనసు పెట్టుకుంటే ఏడ్చేది మనమే కదా?"

ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. లుసాకా నుంచి, గాబరోన్ నుంచి ఫోన్ చేసే నా పాత విద్యార్థులందరిదీ ఇదే మాట. ఇల్లు పోగొట్టుకున్న మనిషి కన్నీళ్ళకు ఎదురు వాదం ఉండదు. కానీ గడువు తక్కువైతే బంధం అక్కర్లేదన్న లెక్క మాత్రం నాకు ఎక్కదు.

"1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా నాటాల్ చెరకు తోటలకు లక్షన్నర మంది పోయారు. విశాఖ, గంజాం వైపు తెలుగువాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఒప్పందం ఐదేళ్ళు. నీ పర్మిట్ లాంటిదే, కాకపోతే కొరడా ఉన్న పర్మిట్. అది ముగిసినా అక్కడే ఉంటామన్న వాళ్ళ మీద 1895లో తలకు మూడు పౌండ్ల పన్ను వేశారు. పొమ్మనడానికి వేసిన పన్ను అది. అయినా ఉన్నవాళ్ళు ఉన్నారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు."

"వాళ్ళకు తిరిగొచ్చే దారి లేదు సార్."

"వేలమంది తిరిగొచ్చారు. ఉండిపోయినవాళ్ళు ఎప్పుడు తరుముతారో తెలియకుండానే ఉన్నారు. అద్దె ఇంట్లో మీ అమ్మ తులసి మొక్క నాటలేదా? ఓనరు ఎన్నాళ్ళు ఉండనిస్తాడో కనుక్కుని నాటిందా?"

"నాటింది సార్," అన్నాడు. ఇక ఆ సంగతి ఎత్తలేదు. చీకటి పడితే దొంగల భయమన్నాడు. అమీర్‌పేట హాస్టల్లో దిగిన మొదటి వారం నీకూ ఉండేదన్నాను. పిల్లల చదువన్నాడు. అది వేరే సంగతి. భాష రాదన్నాడు.

"స్వాహిలీ మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతోనే ముగుస్తుంది, మన తెలుగులాగే. చాయ్‌ని చాయ్ అనే అంటారు, దుకాణం దుకా. సఫారీ అన్నా ప్రయాణమే, అరబ్బీ సఫర్ నుంచి వచ్చింది. ఈ ఊళ్ళో ఉర్దూ మాట్లాడే ప్రతి ఇంట్లో ఉన్న సఫరే అది. వాళ్ళ ఉగాలి అంటే మొక్కజొన్న సంకటి. పక్కన మ్చిచా, అంటే మన తోటకూరే. తిన్నావా?"

"ఆఫీసులో వాళ్ళు తింటారు సార్."

సంకటి దగ్గర మొదలైన మాట ఎందుకో ఏసీ గార్డ్స్‌కు పోయింది. మాసాబ్ ట్యాంక్ పక్కనున్న ఆ పేట పేరులోని ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు వచ్చిన సిద్దీల అశ్వదళం అది. సంస్థానం పోయింది, దళం పోయింది, మనుషులు మిగిలారు. వాళ్ళు వాయించే మర్ఫాకు ఈ ఊరి పెళ్ళిళ్ళలో చిందెయ్యనివాడు లేడు. ఆ వాయించేవాళ్ళ ఇంట్లో నేనూ ఎన్నడూ కూర్చోలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ దారిన పోతూనే ఉన్నాను. అతనికి ఆ మాటా చెప్పాను, దాచాల్సిందేమీ లేదు.

అతను ఫోన్ మళ్ళీ తెరిచాడు. కొస కనిపించని గడ్డి మైదానం. "ఇక్కడ మనిషన్నవాడు లేడు సార్, అదే గొప్ప."

"ఉండేవాళ్ళు. సెరెంగెటి అన్నది మసాయిల మాట, అంతులేని మైదానమని. 1959లో పార్కు కోసం వాళ్ళను అక్కడి నుంచి పంపేశారు. న్గొరోంగొరో వైపు పోయారు. పేరు పెట్టినవాళ్ళు నీ ఫొటోలో లేరు."

"దారిలో ఎర్ర దుప్పట్లు కప్పుకుని కనిపించారు. పిల్లలు చెయ్యూపారు. మేం ఆగలేదు."

గురువారం తిరుగు ప్రయాణం. పచ్చళ్ళు కొనాలంటే అమీర్‌పేట వైపు నడిచాం. విమానానికి తగ్గట్టు సీలు వేసే దుకాణం. ఆవకాయ కిలో, గోంగూర కిలో, కందిపొడి అరకిలో చెప్పాడు. బిల్లు రాస్తుండగా ఆపి, ఇంకో అరకిలో ఆవకాయ విడిగా కట్టమన్నాడు. ఎవరికని నేను అడగలేదు.

"కారం మామూలుదా, తక్కువదా?" అంది దుకాణంలో ఆవిడ. "తినేవాళ్ళకు అలవాటుందా?"

అతను నా వైపు చూశాడు.

"తెలీదు సార్."